ఎగ్జిమా ఉన్న పిల్లలకి 'ఫుడ్ అలర్జీ కిట్' కొనబోతున్నారా? నా అనుభవం చదివాకే డబ్బు కట్టండి

మా వాడికి మూడో నెలలో బుగ్గల మీద మొదలైన ఎగ్జిమా, రెండో ఏడు వచ్చేసరికి మోచేతి మడతల్లోకీ మోకాళ్ల వెనక్కీ దిగింది. రాత్రంతా గోక్కోవడమే. పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద రక్తపు చుక్కలు. అలాంటి ఓ రాత్రి ఫోన్‌లో ప్రకటన కంటపడింది: క్రీములు పైపై వైద్యమే, అసలు కారణం మీ బిడ్డ తినే తిండిలో ఉంది అని. వేలి నుంచి నాలుగు చుక్కల రక్తం కార్డు మీద వేసి పంపితే 200 పదార్థాలకు పరీక్ష చేస్తారట. నిద్రలేని బుర్రతో ఆర్డర్ పెట్టేశాను.

రిపోర్టు రంగురంగుల్లో వచ్చింది. పాలు, గుడ్డు, గోధుమ, అరటిపండు... మొత్తం 27 ఎరుపులో. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడు రోజూ తినేవన్నీ ఎరుపే, పుట్టినప్పటి నుంచి నోట పెట్టనివన్నీ పచ్చ! అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా వాళ్లే ఫోన్ చేసి పేగులు బాగుచేసే పొడి అంటూ ఇంకోటి అంటగట్టారు.

రెండు నెలలు అవన్నీ మాన్పించాం. చర్మం ఎక్కడిదక్కడే ఉంది. వాడి బరువు మాత్రం ఆగిపోయింది.

చివరికి చర్మం డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి ఒకటే అడిగారు: "గుడ్డు తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు ఎప్పుడైనా వచ్చాయామ్మా?" ఎప్పుడూ లేదు. ఆ కిట్ కొలిచింది ఐజీజీ అనే యాంటీబాడీని. ఆ తిండి ఒంటికి పరిచయమైందనడానికే అది గుర్తు, అలర్జీకి కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ పరీక్షతో ఆహార అలర్జీని తేల్చొద్దని చెప్పింది. డాక్టర్లు చేయించేది ఐజీఈ అనే వేరే యాంటీబాడీ పరీక్ష, తిన్న వెంటనే వచ్చే అలర్జీలో పనిచేసేది అదే. అది పాజిటివ్ వచ్చినా, తిన్నప్పుడు ఏం జరిగిందో కూడా చూడకుండా అలర్జీ అని తేల్చరు.

మేమంతా అలర్జీ వల్లే ఎగ్జిమా అనుకున్నాం. చాలామంది పిల్లల్లో కథ తిరగేసి ఉంటుందట. చర్మాన్ని గోడలా కాపాడే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. 2006లో ఆ జన్యులోపానికీ ఎగ్జిమాకీ ఉన్న సంబంధం తేలింది. పగిలిన చర్మం గుండా తిండి రేణువులు లోపలికి వెళ్తే ఒళ్లు వాటిని శత్రువుగా నేర్చుకోవచ్చు. అదే తిండి నోటి ద్వారా వెళ్తే తనదిగా అలవాటు చేసుకుంటుంది. 2015లో వచ్చిన లీప్ అధ్యయనంలో, ఎగ్జిమా బాగా ఉన్న, లేదా గుడ్డు అలర్జీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలకి వేరుశనగ మొదలుపెట్టి కొనసాగిస్తే, మాన్పించిన వాళ్లకంటే ఐదేళ్ల వయసుకి ఆ అలర్జీ 80 శాతం దాకా తగ్గింది. (ఇది చదివి ఇంట్లో ప్రయోగం చేయకండి. వాళ్లకి ముందు పరీక్ష చేశాకే పెట్టారు.)

నిజంగా అలర్జీ ఉన్న పిల్లలూ ఉన్నారు, ముఖ్యంగా ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పసివాళ్లలో. అది తేల్చేది డాక్టరు, కొరియర్‌లో వచ్చే కార్డు కాదు.

మాలాగే ఇప్పటికే మాన్పించేసిన వాళ్లకి ఇంకో మాట. ఎగ్జిమా ఉన్న బిడ్డకి నెలల తరబడి ఒక తిండి ఆపేస్తే, అంతకుముందు పడిన తిండే మళ్లీ పెట్టినప్పుడు తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. అందుకే మా వాడికి గుడ్డు ఆస్పత్రిలో కూర్చోబెట్టి, ఆవగింజంత నుంచి పెంచుతూ పెట్టారు. ఆ పూట నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. ఏమీ కాలేదు, మిగిలిన ముక్క కూడా అడిగి తిన్నాడు.

ఇప్పుడు చేస్తున్నదల్లా గోరువెచ్చని నీళ్లతో స్నానం, ఒళ్లు ఒత్తి తడి ఆరకముందే చేతినిండా మాయిశ్చరైజర్, ఎర్రబడినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు స్టెరాయిడ్ క్రీము. దుప్పటి మీద చుక్కలు లేవు.

రీఫండ్ అడిగితే రిపోర్టు చివరి పేజీ చూడమన్నారు. చీమ తలకాయంత అక్షరాల్లో "ఇది రోగ నిర్ధారణ కాదు" అని ఉంది. మొన్న మళ్లీ మెసేజ్ పెట్టారు, ఆరు నెలలయింది కదా, రీటెస్ట్‌కి డిస్కౌంట్ ఇస్తాం అని.