పన్ను నిలిచింది, పంటి మొదలు పగిలింది: 42 అంగుళాల సామిల్లులో స్టెల్లైట్ బ్లేడు

టేకు ఎక్కువగా కోసే మిల్లులో, పళ్ళకు స్టెల్లైట్ అనే మిశ్రలోహపు మొనలు అతికించిన బ్లేడుకు అలవాటు పడ్డాక మామూలు బ్లేడును మళ్ళీ చక్రాలకెక్కించడానికి మనసొప్పదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇదే బ్లేడు గురించి కింద కాస్త గట్టిగా మాట్లాడాల్సి ఉంది. మాది రెండు 42 అంగుళాల చక్రాల మీద పళ్ళున్న ఉక్కు పట్టీ తిరిగే మిల్లు, ఆ పట్టీనే బ్లేడు. బ్లేడు పొడవు 24 అడుగులు, వెడల్పు 5 అంగుళాలు, మందం 19 గేజి (1.07 మిల్లీమీటర్లు). వచ్చే సరుకులో సగానికి పైగా టేకే. ఏటూరునాగారం, మహాదేవపూర్ వైపు నుంచి వచ్చే దుంగలు కొన్ని, కంటైనర్లలో దిగే విదేశీ టేకు కొంత. మిగిలింది నల్లమద్ది, వేప, అప్పుడప్పుడు చింత.

టేకు ఉలికి తేలిగ్గా లొంగుతుంది కాబట్టి రంపానికీ లొంగుతుందని చాలామంది అనుకుంటారు. దాని చేవలో సిలికా ఉంటుంది. కొన్ని దుంగల్లో పగుళ్ళ వెంట తెల్లటి సున్నపు గడ్డలు కూడా కనిపిస్తాయి. ఆ రెండూ కలిసి మామూలు పన్ను మొనను రెండు మూడు గంటల్లో గుండ్రంగా అరగదీస్తాయి. ముందు చప్పుడు మారుతుంది, తర్వాత ట్రాలీ తోయడానికి బలం ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత దర్వాజ చెక్కల మధ్యలో పొట్ట తేలుతుంది. రెండు కొసల్లో కొలిస్తే సరిగ్గానే ఉంటుంది, నడుమ కొలిస్తే నూలెడు తేడా వస్తుంది. గిరాకీ మిల్లు మీద కోపం పెట్టుకునేది అక్కడే.

స్టెల్లైట్ అంటే కోబాల్ట్, క్రోమియం, టంగ్‌స్టన్ కలిసిన లోహం. చల్లగా ఉన్నప్పుడు చూస్తే మంచి బ్లేడు ఉక్కు కంటే మరీ గట్టిదేం కాదు. దాని బలమంతా వేడిలో తెలుస్తుంది. కోతలో మొన ఎంత వేడెక్కినా మెత్తబడదు, పచ్చి కర్రలోని పులుపు దాన్ని తినదు. అవే దుంగలు, అదే తోపు పెట్టి చూస్తే, మామూలు పన్ను రెండు సానలు అడిగేచోట ఇది ఒక్కటి కూడా అడగలేదు. పలక ముఖం నున్నగా వచ్చింది, రందా పని తగ్గింది. పొట్టు కూడా తగ్గింది. సెట్ కొట్టిన పళ్ళు అటొకటి ఇటొకటి వంగి ఉంటాయి కాబట్టి కోత వెడల్పు 2.4 మిల్లీమీటర్ల దాకా పోయేది. స్టెల్లైట్ మొన ప్రతి పంటికీ రెండు వైపులా సమానంగా ఉంటుంది కనుక 2.1 దగ్గర ఆగింది. ఖరీదైన టేకులో ఒక్కో కోతకు 0.3 మిల్లీమీటర్లు మిగలడం చిన్న సంగతి కాదు.

ఇక పగుళ్ళ విషయం.

వాడకం ముదిరాక రెండు పళ్ళ మధ్య గుంట అడుగున, మిస్త్రీలు గల్లెట్ అనేచోట, వెంట్రుకంత గీతలు పుట్టాయి. ఉత్త కంటికి సరిగ్గా ఆనవు. కిరోసిన్‌తో తుడిచి, ఆరిన గుడ్డతో మళ్ళీ పొడిగా తుడిచి, మీద సుద్దపొడి రుద్దితే పగుల్లో మిగిలిన కిరోసిన్ పైకి ఊరి సన్నటి తడి గీతలా బయటపడుతుంది. అలా చూస్తే ఒకటి కాదు, బ్లేడు పొడవునా చాలా గుంటల్లో ఉన్నాయి. ఇలాంటప్పుడు అనుమానం ముందు పట్టీ ఉక్కు మీదకు, తర్వాత పట్టీ రెండు కొసలు అతికిన జాయింటు మీదకు పోతుంది. జాయింటు చెక్కుచెదరలేదు. అదే కాయిల్‌లోంచి కోసి సెట్ కొట్టి వాడిన బ్లేడులో ఒక్క పగులూ లేదు. తేడా ఉక్కులో లేదు, వాడిన తీరులో ఉంది.

లెక్క చూడండి. 42 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 11 అడుగులు. నిమిషానికి 600 చుట్లు తిరిగితే బ్లేడు 6,600 అడుగులు పరుగెత్తుతుంది. 24 అడుగుల బ్లేడు నిమిషానికి 275 సార్లు చుట్టి వస్తుంది, చుట్టుకు రెండుసార్లు చక్రం మీద వంగి మళ్ళీ చాపుకుంటుంది. అంటే గంటకు 33,000 వంపులు. ఉక్కు అలసిపోయేది ఈ వంపులకే, ఆ అలసట ముందు తేలేది గుంట అడుగునే. మామూలు బ్లేడు రెండు గంటలకే మొద్దుబారి కిందికి దిగుతుంది. సానలో రాయి పంటి ముఖంతో పాటు గుంటను కూడా చుట్టి వస్తుంది, పైపొర కొంచెం పోతుంది. అప్పుడే పుట్టబోతున్న పగులు ఆ పొరతోనే పోతుంది. స్టెల్లైట్ బ్లేడుకు పదును పోదు కాబట్టి ఎవరూ దించరు. దించినా మొన ముఖానికి మాత్రమే రాయి తాకించి వదిలేస్తారు. గుంట అలాగే ఉంటుంది, పగులు తన పని తాను చేసుకుంటూ పోతుంది.

కాబట్టి పొద్దున ఎక్కించి సాయంత్రం దించొచ్చని అమ్మేవాళ్ళు చెప్పే మాట పన్ను వరకే నిజం. ఇప్పుడు మా దగ్గర పదును ఎంత ఉన్నా మూడు గంటలకు బ్లేడు దిగాల్సిందే. దించాక తుడిచి, వేలాడదీసి, టెన్షన్ (నడుమ భాగం సాగదీత) చూడాలి. బ్లేడును కొద్దిగా వంచి పట్టుకుని, అడుగు పొడవు స్కేలును దానికి అడ్డంగా పెడితే నడుమ వెలుతురు చీలిక కనపడాలి. వెలుతురు రాకపోతే నడుమ భాగం సాగదీత పోయిందని అర్థం, రోలర్ కింద మళ్ళీ తిప్పాలి. పళ్ళు లేని వీపు అంచుకు కూడా పొడవునా స్కేలు పెట్టి చూడాలి. 5 అడుగులకు అంగుళంలో 64వ వంతు ఉబ్బు ఉంటే పళ్ళ అంచు బిగుతుగా నిలుస్తుంది.

సానలో ప్రతిసారీ కాకపోయినా, రెండోసారో మూడోసారో రాయిని గుంట మొత్తం తిప్పించాలి. ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. తొందరపడి లోతుగా తగిలిస్తే గుంట అడుగున నీలి మచ్చ పడుతుంది. అది పైపొర ఎర్రగా కాలి ఒక్కసారిగా చల్లారి గాజులా పెళుసైన గుర్తు. పగులు మొదలవడానికి అంతకంటే మంచి చోటు దానికి దొరకదు. అందుకని సన్నగా, ఎక్కువ చుట్లు వేయాలి. చివరి చుట్టు ఊరికే తాకీ తాకనట్టు పోవాలి. గుంట అంచుల్లో నిలిచిన ముళ్ళను చేతి సానరాయితో తీసేయాలి. పగులు అప్పటికే ఉండి అర అంగుళం లోపే ఉంటే దాని చివర రెండు వైపుల నుంచీ సెంటర్ పంచ్ వేస్తే చాలావరకు ఆగుతుంది. అంతకు మించితే ఆ ముక్క కోసి మళ్ళీ జాయింటు వేయడమే.

చక్రాన్ని కూడా వదలకూడదు. అంచు అరిగి నడుమ గుంత పడితే బ్లేడు ఎంత మంచిదైనా పగులుతుంది. చక్రం ముఖం మీద పొట్టు, జిగురు గట్టిపడకుండా స్క్రేపర్ ఆనుకుని ఉండాలి, డీజిల్ తడి గుడ్డ అందుతూ ఉండాలి. గుంట అడుగు చక్రం అంచు దాటి 5 మిల్లీమీటర్లు బయటికి ఉంటే సరి.

కొనేటప్పుడు మైక్రోమీటర్ లేకుండా బయలుదేరొద్దు. బ్లేడు మందం చక్రం వ్యాసంలో సుమారు వెయ్యో వంతు ఉండాలనేది పాత సూత్రం. 36 అంగుళాలకు 20 గేజి, 42కు 19, 48కి 18. గట్టిగా నిలుస్తుందని 42 చక్రానికి 18 గేజి అంటగట్టే దుకాణాలున్నాయి. 1.07 బదులు 1.24 మిల్లీమీటర్లు వేస్తే వంపు ఒత్తిడి ఆరో వంతు దాకా పెరుగుతుంది, పైన చెప్పిన పగుళ్ళు అంత ముందే వస్తాయి. ఉక్కు 15ఎన్20 రకం అడగండి. అందులో కార్బన్ 0.75 శాతం, నికెల్ 2 శాతం ఉంటాయి. పగులు పాకడాన్ని ఓర్చుకునేది ఆ నికెలే. కాయిల్ మీద తయారీదారు చీటీ చూపించమనండి. మొనలు రెండు వైపులా సమానంగా పొడుచుకొచ్చాయో డయల్ గేజితో చూడాలి, తేడా ఉంటే పలక మీద చారలు పడతాయి. మొన అతుకు కింద నల్లటి నీలి వలయం మిగిలి ఉంటే, అతికించాక ఆ చోటును మళ్ళీ కాచి మెత్తబరచలేదని అనుమానించాలి. అలాంటి పళ్ళు మొనతో సహా విరుగుతాయి. వరంగల్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాలి. ఆదిలాబాద్, మంచిర్యాల వాళ్ళకు నాగపూర్ కూడా దూరం కాదు.

ఊళ్ళ నుంచి వచ్చే వేప, చింత, తుమ్మ మొద్దులకు ఈ బ్లేడు వద్దు. ఇంటి ముందు చెట్టులో బట్టల తీగ, పశువుల్ని కట్టిన కొక్కెం, ఫ్లెక్సీ మేకు ఏదో ఒకటి కర్రలోకి మింగుకుపోయి ఉంటుంది. మామూలు పన్ను మేకు తగిలితే వంగుతుంది, సరిచేసి సాన పట్టొచ్చు. స్టెల్లైట్ మొన ఎగిరిపోతుంది. ఒక మొన పోతే దాని వెనక పంటి మీద రెండింతల భారం పడి అదీ పోతుంది. మెటల్ డిటెక్టర్ తిప్పినా లోతుగా ఉన్న సన్న మేకు తప్పించుకోగలదు.

సొంత సాన మిషను, రోలర్, చేతి నేర్పున్న మిస్త్రీ ఉండి, టేకు పాలు ఎక్కువైతే ఈ బ్లేడుకు పెట్టే అదనపు డబ్బు తిరిగొస్తుందని మా అనుభవం. సాన కోసం బయటికి పంపే మిల్లులో, పంటి ముఖానికి మాత్రమే రాయి తాకించి ఇచ్చేచోట, ఇంత ఖర్చు పెట్టమని చెప్పలేను. విదేశీ తోట టేకులో చేవ తక్కువగా, తెల్ల చెక్క ఎక్కువగా ఉండే దుంగలే ఎక్కువ కోసేవాళ్ళకు లాభం ఇంతగా కనపడకపోవచ్చు. మేము ఒక్కో బ్లేడును వెడల్పు మూడున్నర అంగుళాలకు దిగేదాకా స్టెల్లైట్‌తో నడిపిస్తున్నాం. ఆ తర్వాత మొనలు మళ్ళీ పెట్టించకుండా, కొత్త పళ్ళు కోసి, సెట్ కొట్టి వేప దుంగలకు వేస్తున్నాం.