రాజీనామా చేశాక నివేదిక: మూసేయాలా, బయటపెట్టాలా?

అమెరికా ప్రతినిధుల సభకు మాట్ గేట్జ్ 2024 నవంబరులో రాజీనామా చేశారు. మరి లైంగిక దుష్ప్రవర్తన, మాదకద్రవ్యాల వాడకం ఆరోపణలపై సభ నైతిక విలువల కమిటీ ఆయనపై జరిపిన విచారణ సంగతి?

ఫైలు మూసేయడం ఒక దారి. సభ్యుడు కానివారిపై కమిటీకి అధికారం ఉండదు. ఛైర్మన్ మైఖేల్ గెస్ట్ అభ్యంతరమూ ఇదే. తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు.

నేను మాత్రం బయటపెట్టాలనే అంటాను. ప్రజాధనంతో సేకరించిన సాక్ష్యం, నోరు విప్పినవారి ధైర్యం ఒక్క రాజీనామా లేఖతో బీరువాలోకి పోకూడదు. పైగా ట్రంప్ ఆయన్ను అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) పదవికి ఎంపిక చేసిన సమయమది. ఆరోపణలను ఆయన ఖండించారు, న్యాయశాఖ కేసు పెట్టలేదు. కాబట్టి ఆయన జవాబునూ నివేదిక పక్కనే చదవాలి. 2011లో సెనేటర్ జాన్ ఎన్‌సైన్ తప్పుకున్నాక కూడా సెనేట్ కమిటీ నివేదిక విడుదల చేసింది. గేట్జ్ నివేదిక డిసెంబరు 23న వెలువడింది.