రాజమండ్రా, కాకినాడా: ఉద్యోగ విరమణ తరువాత స్థిరపడటానికి ఏది మేలు?

హైదరాబాదులో ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసి విరమణ పొందిన మా బావగారు, మా అక్క మిగిలిన జీవితం మన వైపే గడపాలని నిశ్చయించుకున్నాక, వారికి ఎదురైన మొదటి ప్రశ్న రాజమండ్రా, కాకినాడా అన్నది. మా సొంత ఊరు అనపర్తి ఈ రెండింటికీ నడుమన, రైలు దారిలో ఉంటుంది. పండుగ బట్టలకు ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు వెళ్లిన కుటుంబం మాది కనుక, ఒక ఊరి మీద అభిమానంతో మరొక ఊరిని తక్కువ చేయవలసిన అవసరం నాకు లేదు. నాలుగు నెలల పాటు వారితో కలిసి రెండు ఊళ్లలోనూ అద్దె ఇళ్లు చూశాను, అక్కడ కాపురముంటున్న బంధువులను అడిగాను, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేళల్లో ఆ వీధుల్లో తిరిగాను. అప్పుడు తేలిన సంగతులను ఇదే ఆలోచనలో ఉన్న వారి కోసం రాస్తున్నాను.

అధికారికంగా 2015 నుంచి రాజమహేంద్రవరం అయినా, నోటికి అలవాటైన రాజమండ్రి పేరుతోనే రాస్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం రెండూ మూడు లక్షలు దాటిన నగరాలే. మధ్య దూరం అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ఉన్న కాలంలో కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో ఉండేవారు. పట్టా పనికి ఒక ఊరు, అదే భూమి మీద దావా పడితే రెండో ఊరు తిరగడం మా తాతల నాటి నుంచి అనుభవమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక రాజమండ్రి తూర్పు గోదావరికి, కాకినాడ తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు కేంద్రాలయ్యాయి. ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయాల కోసం ఒక ఊరిని ఎంచుకోవలసిన పని లేదు.

రోజువారీ బతుకులో మొదటి లెక్క నీళ్లది. రెండు ఊళ్లూ తాగేది గోదావరి నీళ్లే అయినా అవి చేరే దారి వేరు. రాజమండ్రి ఏటి ఒడ్డునే ఉంది కనుక నేరుగా నదిలోంచే తోడుకుని శుద్ధి చేసుకుంటుంది. కాకినాడకు అదే నీరు ధవళేశ్వరం దగ్గర, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించిన చోట, కాలువలోకి మళ్లి రావాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు, సామర్లకోట, అరట్లకట్ట దగ్గరి చెరువుల్లో ముందుగా నింపి ఉంచుకున్న నీటితోనే ఆ ఊరు నెట్టుకురావాలి. కాకినాడలో బోరు వేస్తే చాలా పేటల్లో ఉప్పదనం తగులుతుంది కనుక కుళాయి ఆగిన రోజు ప్రత్యామ్నాయం కూడా కష్టమే. అద్దె ఇల్లు చూసేటప్పుడు గదుల కొలతల కంటే ముందు నేల సంపు ఎంత పెద్దదో అడగమని అక్కడి పెద్దలు మాకు చెప్పారు. ఆ సలహా విలువైనది. నీటి విషయంలో రాజమండ్రిదే పైచేయి, అందులో నాకు సందేహం లేదు.

వానల విషయానికి వస్తే ఎవరి కష్టం వారిదే. రాజమండ్రిలో గట్టి వాన కురిస్తే శ్యామలా సెంటరు, కంబాల చెరువు ప్రాంతాల్లో నీరు నిలుస్తుంది. నల్లా చానలు, ఆవ చానలు పొంగితే పక్కనున్న పల్లపు కాలనీలు మునుగుతాయి. కాకినాడ మొత్తం సముద్ర మట్టానికి కొంచెమే ఎత్తున, పళ్లెంలా చదునుగా ఉండటం వల్ల, వాన, సముద్రపు పోటు ఒకే వేళకు వస్తే డ్రెయిన్లలోని నీటికి పోయే దారి ఉండదు. వరద భయం, తుఫాను భయం కూడా పోల్చి చూడవలసినవే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను రాజమండ్రి వారు ఇప్పటికీ చెప్పుకుంటారు, కానీ గోదావరి పెరగడం మనకు ముందే తెలుస్తుంది: భద్రాచలం నుంచి కబురు వస్తుంది, ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరేస్తారు. తుఫాను ఎక్కడ తీరం దాటేదీ చివరి గంటల వరకూ నికరం కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. అందుచేత కాకినాడలో ఉండదలచిన వారు తీరానికి దూరంగా, రోడ్డు కంటే మెరకగా ఉన్న ఇల్లే తీసుకోవాలి.

నేను అన్నిటికంటే ఎక్కువగా గమనించినది నడక. కాకినాడ వీధులు గీత గీసినట్టు సమాంతరంగా సాగి, అడ్డ వీధులతో కలుస్తాయి. రెండవ మద్రాసు అని, పెన్షనర్ల స్వర్గమని ఆ ఊరికి పేరు వచ్చినదీ ఈ కుదురు వల్లనే కావచ్చు. కొత్త మనిషి కూడా రామారావుపేటలో దారి తప్పడం కష్టం. గాంధీనగర్‌లో మేము చూసిన ఒక ఇంటి నుంచి అక్క తన మోకాలి నొప్పితోనే నడిచి చూసింది: మందుల దుకాణానికి నాలుగు నిమిషాలు, పార్కుకు ఆరు నిమిషాలు, కూరగాయల బండి అయితే గుమ్మం ముందుకే వచ్చింది. ఆ బండి మీది వంకాయలను ఆమె ఒక్కొక్కటీ తొడిమ పట్టుకుని తిప్పి చూస్తూ, అమ్మే ఆవిడతో పది నిమిషాలు కష్టసుఖాలు మాట్లాడింది. ఎత్తుపల్లాలు లేకపోవడం మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎంత ఉపకారమో ఆ రోజే నాకు తెలిసింది.

రాజమండ్రి పాత ఊరు అలా కాదు. కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు మీదుగా పోయే సందులు ఇరుకు, ఎక్కడ మలుపు తిరుగుతాయో తెలియవు, ద్విచక్ర వాహనాలు మనిషిని ఒరుసుకుంటూ పోతాయి. దానవాయిపేట లాంటి చోట్ల వీధులు విశాలంగా ఉన్నాయి, కానీ అక్కడ మేము అడిగిన ఇళ్లకు కాకినాడలో చూసిన వాటికంటే ఎక్కువ అద్దె చెప్పారు. వేసవి ఎండ సంగతి కూడా చెప్పాలి: రాజమండ్రిలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత తరచుగా నలభై డిగ్రీలు దాటి, సాయంత్రం వరకూ గడప దాటలేని పరిస్థితి ఉంటుంది. కాకినాడలో మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి తగులుతుంది. ఉక్కపోత, చెమట మాత్రం తప్పవు.

వైద్యానికి కాకినాడ మెరుగు. రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది, దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజనాసుపత్రి చుట్టూ దశాబ్దాలుగా వైద్యులు స్థిరపడ్డారు. రాజమండ్రిలోనూ ప్రైవేటు ఆసుపత్రులకు కొదవ లేదు. ప్రభుత్వ వైద్య కళాశాల మాత్రం 2023లో మొదలైంది.

ప్రయాణాల దగ్గర తక్కెడ రాజమండ్రి వైపు మొగ్గుతుంది. చెన్నై, హౌరా ప్రధాన మార్గం రాజమండ్రి మీదుగా పోతుంది, మధురపూడిలో విమానాశ్రయం ఉంది. ప్రధాన మార్గం కాకినాడను పక్కన వదిలి పదిహేను కిలోమీటర్ల దూరంలోని సామర్లకోట మీదుగా వెళ్తుంది. అర్ధరాత్రి సామర్లకోటలో దిగి, సామాన్లతో ఆటో బేరమాడుకుంటూ ఇల్లు చేరవలసి రావడం కాకినాడ వారి పాత బాధ. అయితే గౌతమి, సర్కారు లాంటి బండ్లు కాకినాడ నుంచే బయలుదేరుతాయి కనుక, పెద్దవాళ్లు ఖాళీ పెట్టెలోకి తొందర లేకుండా ఎక్కి, సామాను సర్దుకుని కూర్చోవచ్చు. రాజమండ్రిలో ఆగే కొద్ది నిమిషాల్లో పెట్టె వెతుక్కుని ఎక్కడం అరవై దాటినవారికి సులువైన పని కాదు. పిల్లలు తరచుగా వచ్చిపోయే ఇంటికి రాజమండ్రి అనువు. మనమే అప్పుడప్పుడు హైదరాబాదు వెళ్లి వచ్చేటట్లయితే కాకినాడ బండి సుఖం.

ఇక మనసుకు కావలసినవి. ఈ విషయంలో రాజమండ్రికి సాటి వచ్చే ఊరు గోదావరి జిల్లాల్లో లేదని నా నమ్మకం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు, 1890లో తన సొమ్ముతో పురమందిరం కట్టించి ఇచ్చిన ఊరు అది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలు ఆయన పేరు మీది చిత్రశాలలో నేటికీ కళ్లారా చూడవచ్చు. గౌతమీ గ్రంథాలయంలో బావగారు ఒక పూటంతా పాత పత్రికల సంపుటాల ముందు కూర్చున్నారు. దారం ఊడిన అట్టను ఎడమచేత్తో ఆనించి పట్టుకుని, పొడిబారిన కాగితం విరగకుండా రెండు వేళ్లతో పుట తిప్పుతూ, భోజనం వేళ దాటిందన్న మాటే మరిచిపోయారు. సాయంత్రం పుష్కర రేవుకు వెళ్లాము. అవతల పక్క పాత హేవలాక్ వంతెన స్తంభాలు, వాటి మీదుగా పొద్దు వాలడం, మెట్ల మీద ఒక ముసలావిడ అరటి దొప్పలో దీపం పెట్టి, నీటిని మూడుసార్లు చేత్తో ముందుకు తోసి దాన్ని సాగనంపడం చూశాక, ఇక్కడే ఉండిపోదామని బావగారు అన్న మాటకు నేను ఆశ్చర్యపోలేదు.

కాకినాడ వెలితిదని దీని అర్థం కాదు. 1923లో జాతీయ కాంగ్రెస్ మహాసభ జరిగిన ఊరు అది. ఆ సందర్భపు ప్రదర్శనలో టికెట్టు లేదని నెహ్రూగారినే గుమ్మం దగ్గర ఆపిన పద్నాలుగేళ్ల బాలిక దుర్గాబాయి పుట్టింది రాజమండ్రిలో, పేరు తెచ్చుకున్నది కాకినాడలో. ఎస్.వి. రంగారావు నటనకు పదును పెట్టిన యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు అక్కడిదే. సరస్వతీ గానసభ కచేరీలు, సూర్యకళామందిరంలో నాటకాలు ఆ ఊరి సాయంత్రాలను నిలబెట్టాయి. గొట్టం కాజా కొన కొరికితే లోపలి పాకం ఒక్కసారిగా నోటినిండా దిగే అనుభవం వేరే ఊళ్లో దొరకదు. కానీ కాకినాడలో సంస్కృతిని వెతుక్కుంటూ వెళ్లాలి, రాజమండ్రిలో గట్టు మీద నడిస్తే చాలు.

పురపాలన సంగతి ఇంటి కొనుగోలు మాటల్లో ఎవరూ ఎత్తరు, కానీ చెత్త బండి రానప్పుడు, వీధి దీపం వెలగనప్పుడు ఎవరిని అడగాలన్నది పెద్దవాళ్లకు ముఖ్యమైన ప్రశ్న. రాజమండ్రి పాలకవర్గం 2014లో ఎన్నికై 2019లో గడువు ముగించుకుంది; 2021 మార్చిలో రాష్ట్రంలోని అనేక నగరాల్లో ఎన్నికలు జరిగినా, అక్కడ జరగలేదు. కాకినాడలో 2017 ఆగస్టులో 48 డివిజన్లకు ఎన్నిక జరిగింది, ఆ గడువు 2022లో తీరింది. ఆ తరువాత రెండు చోట్లా ప్రజలెన్నుకున్న కార్పొరేటరు లేకుండానే ఏళ్లు గడిచాయి. వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తే నమోదు అవుతుంది, నిజమే. అయితే పొద్దున్నే ఇంటికి వెళ్లి తలుపు తట్టి, మా వీధి సంగతి ఏం చేశారని నిలదీయగలిగే మనిషి లేకపోవడాన్ని ఏ దరఖాస్తూ పూడ్చలేదు. ఇది రెండు ఊళ్లకూ జరిగిన అన్యాయమని నేను భావిస్తాను.

ఈ లోటులోనూ చిన్న తేడా ఉంది. రాజమండ్రి మీద ప్రభుత్వాల చూపు పుష్కరాలతో ముడిపడి ఉంటుంది: పన్నెండేళ్లకొకసారి రేవులు, రోడ్లు, దీపాలు వస్తాయి. 2015 జూలై 14న పుష్కర రేవులో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయిన దుఃఖం ఆ ఊరి మనసులో ఇంకా ఉంది. 2027 పుష్కరాలకు ఆ పాఠం గుర్తుండాలి. కాకినాడ 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో చోటు సంపాదించింది కనుక, 2025లో ఆ పథకం ముగిసే వరకూ అక్కడి పనులు ఉత్సవంతో పని లేకుండా సాగే వీలుండేది.

అక్కకూ బావగారికీ నేను కాకినాడే చెప్పాను. బావగారు ఆరోగ్యవంతులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బస్సెక్కి రాజమండ్రి వెళ్లి రాగలరు. అక్కకు అది సాధ్యం కాదు. మందులు, కూరలు, వైద్యుడు, పొరుగింటి మాట ఆమెకు పది నిమిషాల నడకలో ఉండాలి. ఇద్దరిలో ఎవరి కాళ్లు నెమ్మదో వారి కాళ్లతో ఊరిని కొలవాలని నా అభిప్రాయం. దంపతులిద్దరూ దృఢంగా ఉండి, పిల్లలు నెలకొకసారి వచ్చిపోయే కుటుంబానికైతే తడుముకోకుండా రాజమండ్రి చెప్పేవాణ్ణి, అదీ పల్లపు పేట కాకుండా చూసుకోమని.

వారు గాంధీనగర్‌లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు, సంపు పెద్దదే. కార్తీక సోమవారాల్లో బావగారు తెల్లవారకముందే మొదటి బస్సుకు రాజమండ్రి వెళ్లి, గోదావరి స్నానం చేసి, గ్రంథాలయం తెరిచే వేళకు అక్కడికి చేరుకుంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు అక్క కోసం ఒక సీసాలో గోదావరి నీళ్లు తెస్తున్నారు.