శ్రీముఖలింగం: వంశధార ఒడ్డున కళింగ గాంగుల రాజధానికి కారు ప్రయాణం

విశాఖపట్నం వైపు నుంచి శ్రీకాకుళం జిల్లాకు వెళ్లే యాత్రికులలో ఎక్కువమంది అరసవల్లిలో సూర్యనారాయణస్వామిని, శ్రీకూర్మంలో కూర్మనాథస్వామిని దర్శించుకుని సాయంత్రానికి వెనుదిరుగుతారు. సమయం మిగిలితే శ్రీముఖలింగం కూడా చూద్దామనుకుంటారు గానీ, అది అలా మిగిలిన గంటలో చూడదగిన క్షేత్రం కాదు. తూర్పు గాంగులు శతాబ్దాల పాటు ఏలుబడి సాగించిన కళింగనగరం ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశంవాడే. అందువల్ల మేము క్రమం మార్చి, ముఖలింగానికి ఒక పూట పూర్తిగా కేటాయించి, మిగిలిన క్షేత్రాలను దాని చుట్టూ అమర్చుకున్నాము.

విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా సుమారు 110 కిలోమీటర్ల జాతీయ రహదారి ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతుంది. అక్కడి నుంచి మడపాం దగ్గర వంశధారను దాటి, నరసన్నపేటలో రహదారిని విడిచి జలుమూరు మీదుగా లోపలికి వెళ్లాలి. శ్రీకాకుళం నుంచి గుడికి 46 కిలోమీటర్ల దూరమే అయినా చివరి భాగం పల్లెల మధ్య ఇరుకు దారి. కోతల కాలంలో రోడ్డు మీదనే ధాన్యం ఆరబోస్తారు కనుక చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పూర్తిచేసుకోవడం మేలు. పెట్రోలు, నగదు, ఫలహారం అన్నీ నరసన్నపేటలోనే చూసుకోవాలి. రైలులో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి కారు మాట్లాడుకోవచ్చు.

ఊరిలో మూడు ప్రాచీన ఆలయాలున్నాయి: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. ప్రధానాలయమైన మధుకేశ్వరస్వామి గుడి ప్రాకారంలో అడుగుపెట్టగానే, మన కళ్లకు అలవాటైన ద్రావిడ విమానానికి బదులు భువనేశ్వర్ గుడులను తలపించే శిఖరం ఎదురవుతుంది. నాలుగు మూలలా చిన్న ఆలయాలతో పంచాయతన పద్ధతిలో కట్టిన ఈ గుడి గోడల మీద చెక్కని జాగా కోసం వెతుక్కోవలసిందే. స్తంభాల మీదా గోడల మీదా ఉన్న శాసనాలు గాంగుల కాలపు దానధర్మాలను నేటికీ చెబుతున్నాయి. అమ్మవారు ఇక్కడ వారాహి రూపంలో పూజలందుకుంటున్నది. సప్తమాతృకలలో మిగిలినవారి మూర్తులు కూడా ఈ ఆలయంలో ఉన్నాయి.

మధుకమంటే ఇప్పచెట్టు. సవర అనే గిరిజన తెగకు చెందిన ఒక నాయకుని ఇద్దరు భార్యల తగవు కారణంగా ఆ చెట్టును నరకబోగా దాని మొదట్లో శివుడు ముఖదర్శనమిచ్చాడని, ఆ మొదలే రాయిగా మారి లింగమైందని స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనుక ఒక పెద్ద మట్టి గోలెం కనిపిస్తుంది. సంతానం కోసం మొక్కుకున్న ఒక కుమ్మరి దానిని సమర్పించాడని చెబుతారు. రాజులు కట్టించిన గుడిలో, సవరల కథకూ కుమ్మరి మొక్కుకూ గర్భగుడిలోనే చోటు దక్కడం నన్ను శిల్పాలకంటే ఎక్కువగా కదిలించింది. పూజారిగారు తొందరపెట్టకుండా, అడిగినవన్నీ ఓపికగా చెప్పారు. ఉదయం ఎనిమిది గంటలలోపు చేరితే ఈ తీరిక దొరుకుతుంది. సోమవారాలలోను, కార్తీకమాసంలోను దొరకడం కష్టం.

శిల్పం మీద మక్కువ ఉన్నవారు సోమేశ్వరాలయాన్ని ఎట్టి పరిస్థితిలోను విడిచిపెట్టకూడదు. ముందు మండపమేదీ లేకుండా ఒంటిగా నిలిచిన గుడి కావడంతో శిఖరం అడుగు నుంచి కొస దాకా ఒకే చూపులో అందుతుంది. పనితనంలో దీనిని ప్రధానాలయం కంటే ఒక మెట్టు పైన ఉంచుతాను. భీమేశ్వరాలయం బాగా శిథిలమైంది, దానికి పావుగంట చాలు. మూడు గుడులలోనూ ఏ మూర్తి ఎవరిదో తెలిపే పలకలు ఇంకా ఎక్కువగా ఉండాలి. తెలిసినవారు వెంట లేకపోతే సగం సంపద కంటపడకుండానే పోతుంది.

గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణాలు, టీ కొట్లు తప్ప కడుపునిండా భోజనం పెట్టే హోటలు మాకు కనబడలేదు. నీళ్లు, పులిహోర వెంట తీసుకుని వెళ్లడం మంచిదైంది. పెద్దవారు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు బసకు శ్రీకాకుళం పట్టణాన్నే ఎంచుకోవాలి. మొదటి రాత్రి రహదారి పక్కన దిగిన లాడ్జిలో గదులు విశాలంగానే ఉన్నా, లారీల మోతతో నిద్ర పట్టలేదు, తెల్లవారుజామున వేడినీళ్లూ రాలేదు. మరునాడు ఊరిలోపలికి మారాము. అక్కడ గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, నాలుగు అడుగులు వేస్తే వేడి ఇడ్లీ దొరికింది, అరసవల్లి గుడి కూడా దగ్గరే. విశాఖలోనే ఉండి ఒక్క రోజులో వెళ్లి రావడం సాధ్యమే గానీ, అప్పుడు రోజులో సగం కారులోనే గడిచిపోతుంది.

రెండో పూట శాలిహుండానికి వెళ్లాము. వంశధార పక్కన కొండ మీదున్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ముఖలింగం దగ్గరి ఊరే. సవర భాషకు వ్యాకరణం రాసిన మనిషి, సవరల కథతో మొదలయ్యే గుడికి ఇంత చేరువలో పుట్టారన్న సంగతి తెలిసి చూస్తే ఈ యాత్రకు మరింత నిండుదనం వస్తుంది. కొండ మెట్లు ఎక్కగలిగినవారికి పైనుంచి నది చూడముచ్చటగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వెళ్లవద్దు, అక్కడ నీడ చాలా తక్కువ. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్లు పిల్లలకు ఎంతో నచ్చుతాయి.

మహాశివరాత్రి ఉత్సవాలకు, వాటి చివర వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి ఆంధ్ర, ఒడిశాల నుంచి జనం పెద్ద ఎత్తున తరలివస్తారు. ఆ స్నానం కోసమే వెళ్లేవారు శ్రీకాకుళంలో గది ముందుగా కుదుర్చుకుని, కారును ఊరికి దూరంగా నిలిపి నడవడానికి సిద్ధపడాలి. శిల్పాలను తీరికగా చూడాలనుకునేవారు సంక్రాంతి తరువాత, శివరాత్రికి ముందు ఉన్న చల్లని రోజులలో ఏ మంగళవారమో బుధవారమో వెళ్లడం మంచిది.