నటి కావాలనుకునే అమ్మాయికి ఏ సినిమా మేలు?

అద్దం ముందు నిలబడి డైలాగులు చెప్పుకునే వయసు పిల్లకి ఒక మంచి మ్యూజికల్ కామెడీ చెప్పమంటే చాలామంది నోట వచ్చే పేరు ‘హైస్కూల్ మ్యూజికల్’. 2006 జనవరిలో డిస్నీ ఛానెల్‌లో వచ్చిన టీవీ సినిమా అది. దానికి రెండేళ్ల ముందు, 2004 ఫిబ్రవరిలో అదే డిస్నీ థియేటర్లలో విడుదల చేసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ టీనేజ్ డ్రామా క్వీన్’ని తలుచుకునేవాళ్లు తక్కువ. నటన మీద పిచ్చి ఉన్న పిల్లకైతే నేను ఈ రెండోదే చూపిస్తాను.

పాటల్లో మాత్రం పోటీ లేదు. హైస్కూల్ మ్యూజికల్ దర్శకుడు కెన్నీ ఒర్టెగా కొరియోగ్రఫీలో పేరు తెచ్చుకున్న మనిషి, అది సినిమా అంతా కనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో నేలకు తగిలే బంతి చప్పుడే తాళం. క్యాంటీన్‌లో పిల్లలు ఒక్కొక్కరూ దాచుకున్న ఇష్టాన్ని బయటపెడుతుంటే పాట ఊపందుకుంటుంది. డ్రామా క్వీన్‌లో పాటలు తక్కువ, ఉన్నవాటిలోనూ మనసులో నిలిచిపోయేవి లేవు. ఇల్లంతా కలిసి కూర్చుని, లేచి గంతులేయాలంటే మొదటిదే పెట్టుకోండి.

కానీ ఒక్క ప్రశ్న వేసుకుని చూడండి: ఈ కథల్లో నిజంగా నటి కావాలనుకుంటున్నది ఎవరు? హైస్కూల్ మ్యూజికల్‌లో అది షార్పే. స్కూల్లో ఏ నాటకం వేసినా ముందుండే పిల్ల. కవల సోదరుడితో కలిసి స్టెప్పులతో సహా సిద్ధమై ఆడిషన్‌కి వస్తుంది. హీరో ట్రాయ్, హీరోయిన్ గాబ్రియెల్లా మాత్రం ఆడిషన్ టైమ్ అయిపోయాక ముందుకొస్తారు. పాట రాసిన కెల్సీ కాగితాలు కింద పడితే ఏరి ఇచ్చి, పియానో పక్కన నిలబడి పాడతారు. వెళ్లిపోతున్న టీచర్ అది విని, వాళ్లను రెండో రౌండుకు రమ్మంటుంది. సీన్ అందంగానే ఉంటుంది. అయితే మర్నాడు నోటీసు బోర్డు మీద ఆ రెండు పేర్లు చూసిన షార్పే కోపాన్ని సినిమా నవ్వులాటగా తీసుకుంటుంది. ఆ తర్వాత ఆమె ఆడిషన్ టైమ్ మార్పించి వాళ్లను తప్పించాలని చూస్తుంది. అది తప్పే. నా బాధ వేరే. అనుకోకుండా వచ్చిన ప్రతిభ స్వచ్ఛమైనదనీ, కావాలని కష్టపడటం అత్యాశ అనీ నటి కావాలనుకునే పిల్లకి ఈ కథ చెప్పకనే చెబుతుంది.

డ్రామా క్వీన్ అలాంటి పిల్లనే హీరోయిన్ చేసింది. లిండ్సే లోహన్ వేసిన లోలా అసలు పేరు మేరీ. న్యూయార్క్ వదిలి న్యూజెర్సీలోని డెల్‌వుడ్‌కు రావడం ఆమెకు ప్రాణం పోయినంత పని. రోజుకో వేషంలా బట్టలు వేసుకుని స్కూలుకి వెళ్తుంది. స్కూలు నాటకంలో ఎలైజా పాత్ర తనకే రావాలంటుంది, ఆ కోరికను ఎక్కడా దాచుకోదు. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’కి రాక్ వేషం వేసిన నాటకమది. మాట తీరు మార్చుకుని వేరే మనిషైపోయే పూలమ్మాయి పాత్ర లోలాకి అతికినట్టు సరిపోయింది.

ఈ సినిమా నాకు ఎక్కువ నచ్చింది అబద్ధాల దగ్గర. తండ్రి బతికే ఉన్నా, చనిపోయాడని లోలా కొత్త స్నేహితురాలు ఎల్లాకి చెబుతుంది. అది బయటపడ్డప్పుడు ఎల్లా నిజంగా నొచ్చుకుంటుంది. తమకు ప్రాణమైన రాక్ సింగర్‌ని న్యూయార్క్‌లో కలిశామని లోలా తర్వాత నిజమే చెప్పినా, స్కూల్లో లోలాకి పోటీగా ఉండే కార్లా (మేగన్ ఫాక్స్) అందరి ముందూ కొట్టిపారేస్తే స్కూల్లో ఎవరూ నమ్మరు. లోలా మంచం ఎక్కుతుంది, నాటకం వేయనంటుంది. వెళ్లి లేపేది ఎల్లానే. స్టేజీ మీద వేరే మనిషిగా ఉండటం వేరు, స్నేహితురాలి దగ్గర అలా ఉండటం వేరు. నటించాలనుకునే పిల్లకి ఈ తేడా చిన్నప్పుడే తెలియాలి. అది ఇక్కడ ఉపన్యాసం లేకుండా తెలుస్తుంది.

లోపాలున్నాయి. రిహార్సల్స్ పెద్దగా చూపించలేదు, నటన నేర్చుకోవడం ఎంత కష్టమో తెలియదు. చివర్లో ఆ సింగరే స్వయంగా వచ్చి లోలా మాట నిజమని తేల్చడం మరీ వాటంగా కుదిరిపోయింది. విమర్శకులు కూడా అప్పట్లో ఈ సినిమాను మెచ్చుకోలేదు.

ఆ కష్టం చూపించాలంటే అలన్ పార్కర్ 1980లో తీసిన ‘ఫేమ్’ ఉంది. సంగీతానికి, పాటకి రెండు ఆస్కార్లు తెచ్చుకున్న సినిమా. న్యూయార్క్ కళల స్కూల్లో ఆడిషన్ నుంచి చివరి ఏడాది దాకా క్లాసుల్లో పడే తిప్పలన్నీ ఉంటాయి. అయితే అది కామెడీ కాదు, చిన్నపిల్లలకు అసలే కాదు, అమెరికాలో దానికి ఆర్ రేటింగ్, అంటే పదిహేడేళ్లు నిండని పిల్లలు థియేటర్లో పెద్దవాళ్లతోనే చూడాలి. స్క్రీన్ టెస్ట్ అని నమ్మి వెళ్లిన కోకో అనే విద్యార్థినిని ఒకడు కెమెరా ముందు బట్టలు విప్పమనే సీన్ ఉంది. పిల్ల పదిహేడు దాటాక, ముందు మీరు చూసి, తర్వాత పక్కన కూర్చుని చూపించండి. ఆ సీన్ అయ్యాక టీవీ ఆపి మాట్లాడండి.