బరంపురం వైపు టూరిజానికి ఏ రైలు మేలు: బుల్లెట్టా, వందే భారతా, కొండ ప్యాసింజరా?

చిలికా సరస్సు, గోపాల్‌పూర్ బీచ్, జీరంగ్ బౌద్ధ మఠం, అటు కొరాపుట్ కొండలు. ఒడిశా సరిహద్దులో మన తెలుగువాళ్లున్న ఈ జిల్లాల్లో చూడ్డానికి కొదవ లేదు. బుల్లెట్ రైలు పడితే టూరిస్టులు ఎగబడతారని మావాళ్ల ఆశ. నాకైతే ఆ లెక్క కుదరడం లేదు.

దేశంలో ఇప్పుడు కడుతున్న బుల్లెట్ లైను ముంబై–అహ్మదాబాద్‌ది. 508 కి.మీ., 12 స్టేషన్లు, గంటకు 320 కి.మీ. వేగం. కొన్నిచోట్లే ఆగితే రెండు గంటల పైచిలుకు, అన్నిచోట్లా ఆగితే దాదాపు మూడు గంటలు పడుతుందట. విశాఖ–భువనేశ్వర్ మధ్య అలాంటిదే పడిందనుకోండి. దాదాపు 440 కి.మీ. దారిలో చిలికాకు దిగే చిన్న స్టేషన్ బాలుగావ్ కోసం బ్రేకు వేస్తారా? వేసినా, పొద్దున దిగినవాళ్లు చిలికా మధ్య దీవిలోని కాళీజాయి గుడికి బోటెక్కి, పీతల కూరతో భోంచేసి, రాత్రికి ఇంట్లో ఉంటారు. ఇక్కడ గది తీసుకునేదెవరు?

జపాన్‌లో ఇలాంటిదే జరిగింది. పాత లైనులో ఘాట్ ఎక్కే ముందు యోకోకావా స్టేషన్లో అదనపు ఇంజన్లు తగిలించేవారు. ఆ కాసేపట్లో ప్లాట్‌ఫాం మీద మట్టికుండల్లో వండిన అన్నం జోరుగా అమ్ముడయ్యేది. 1997లో నాగానో షింకన్‌సేన్ (వాళ్ల బుల్లెట్ రైలు) వచ్చింది, ఘాట్ మీది పాత లైను మూసేశారు. ఘాట్ అవతలి విడిది ఊరు కరుయిజావా టోక్యో నుంచి గంట చిల్లరలో చేరేదైపోయింది. యోకోకావాకి మాత్రం కొత్త రైలే లేదు.

వందే భారత్ సంగతి వేరు. 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్–విశాఖ రైలు బాలుగావ్‌లోనూ, బరంపురంలోనూ ఆగుతుంది. తెల్లవారకముందే భువనేశ్వర్‌లో బయలుదేరి, మధ్యాహ్నం విశాఖ నుంచి తిరుగుముఖం పడుతుంది. టైమింగ్స్‌లోనే ఉంది కిటుకంతా. భువనేశ్వర్‌వాళ్లు పొద్దున్నే దిగి గోపాల్‌పూర్ చూసేసి అదే రోజు వెళ్లిపోవచ్చు. విశాఖవాళ్లు దిగేసరికి రాత్రవుతుంది, గది తీసుకోక తప్పదు. మర్నాడు పొద్దున్నే అదే రైలెక్కితే చూసేదేమీ ఉండదు కాబట్టి ఇంకో పూటో రోజో ఉంటారు. మన హోటళ్లకూ ఆటోలకూ లాభం ఆ రాత్రితోనే. ఛైర్ కార్ టికెట్ మాత్రం నలుగురున్న ఇంటికి బరువే.

కొరాపుట్ వెళ్లాలంటే నేను కిరండూల్ ప్యాసింజర్ తప్ప ఇంకోటి చెప్పను. పొద్దున విశాఖలో ఎక్కితే మధ్యాహ్నం దాటుతుంది. దాటనివ్వండి. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు. చీకట్లోంచి బయటపడగానే కిటికీ నిండా లోయ, పిల్లల కేకలు. దాన్ని గంటలో ముగించేసే రైలు నాకొద్దు. అరకు దాకా అద్దాల విస్టాడోమ్ పెట్టెకు టికెట్ తీసుకుంటున్నది వేగం కోసమా మరి?

నా ఓటు వందే భారత్‌కే, ఒక్క షరతు మీద. బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్ పదిహేను కి.మీ. చిల్లరే అయినా, రాత్రి దిగినవాళ్లు ఆటోవాలా చెప్పిన రేటే ఇచ్చుకోవాలి. జీరంగ్‌కైతే ఘాట్ రోడ్డు మీద రెండు గంటలపైనే. బుల్లెట్ కోసం అర్జీలు పెట్టేవాళ్లు ముందు రైలు టైముకి స్టేషన్ బయట ఒక బస్సు నిలబెట్టించండి.