తలుపు మూసుకోని గది, మూసేసిన డీవియేషన్లు: ఏడేళ్ల ఈ-క్యూఎంఎస్ వాడకం

మందుల తయారీ ప్లాంటులో క్వాలిటీ అస్యూరెన్స్‌లో పనిచేస్తాను. డీవియేషన్లు (రాసిపెట్టుకున్న పద్ధతి తప్పిన సంఘటనలు), కాపాలు (తప్పు సరిదిద్ది మళ్లీ రాకుండా తీసుకునే చర్యలు), చేంజ్ కంట్రోళ్లు (మార్పులకు ముందస్తు ఆమోదాలు), ఎస్ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), ట్రైనింగ్ రికార్డులు, కంప్లయింట్లు అన్నీ కాగితం లేకుండా ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌ని మా రంగంలో ఈ-క్యూఎంఎస్ అంటాం. మా దగ్గర అది మొదలై ఏడేళ్లు దాటింది. పొద్దున కంప్యూటర్ తెరిస్తే మొదట కనబడేది దాని హోమ్ పేజీ, రాత్రి కలలోకి వచ్చేది దాని ఎర్రటి ‘ఓవర్‌డ్యూ’ గుర్తు. అమ్మేవాళ్లు చూపించే డెమోలు చాలానే ఉన్నాయి. రోజుకు ఇరవైసార్లు పాస్‌వర్డ్ కొట్టి సంతకం పెట్టేవాళ్లు రాసింది మాత్రం నాకు పెద్దగా కనబడలేదు, అందుకే ఇది. ప్రొడక్ట్ పేరు చెప్పను. నేను చెప్పబోయే లోపాల్లో సగం మేం దాన్ని సెట్ చేసుకున్న తీరువి. వాటిని కూడా తీసుకెళ్లి తయారుచేసిన కంపెనీ నెత్తిన వేయడం న్యాయం కాదు.

ముందు మంచి సంగతులు. కాగితం రోజుల్లో ఒక డీవియేషన్ ఫారం మీద ఐదు సంతకాలు కావాలంటే ఫైలు పట్టుకుని ఐదు గదులు తిరిగేవాళ్లం. ఎవరైనా మీటింగులో ఉంటే ఫైలు వాళ్ల టేబుల్ మీదే మకాం వేసేది. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక ప్రొడక్ట్‌కి గత రెండేళ్లలో వచ్చిన డీవియేషన్ల జాబితా అడిగితే, ఇద్దరం రిజిస్టర్లు ముందేసుకుని రాత్రంతా కూర్చునేవాళ్లం. తెల్లారేసరికి ఇద్దరి లెక్కలూ వేర్వేరుగా వచ్చేవి. ఇప్పుడది ఐదు నిమిషాల పని. పాత వెర్షన్ ఎస్ఓపీ మెషీన్ పక్కన వేలాడుతూ ఆడిటర్ కంటపడటం అనే పాత భయం కూడా పోయింది. కొత్త వెర్షన్ అమల్లోకి వచ్చిన రోజే పాతది తెర మీద నుంచి మాయమవుతుంది. ఈ ఒక్క డాక్యుమెంట్ కంట్రోల్ కోసమే కొన్నా డబ్బు దండగ కాదంటాను.

ఆడిట్ ట్రైల్ సంగతి వేరే చెప్పాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 ప్రకారం ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటరే తేదీ, టైంతో సహా రాసుకోవాలి. కొత్తది రాసినా పాతది కనబడకుండా పోకూడదు. ఎలక్ట్రానిక్ సంతకం దగ్గర పేరు, తేదీ, టైం, అది దేనికోసం పెట్టిన సంతకమో ఉండాలి. కాగితం మీద వెనక తేదీ వేసి సంతకం చేయడం ఒకప్పుడు ఎంత మామూలో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు.

అయితే అది అందరినీ రాసుకుంటుంది, మనల్ని కూడా. ఆడిట్ ట్రైల్స్‌ని క్రమం తప్పకుండా చూస్తుండాలని యూరప్ మందుల తయారీ నిబంధనల్లో కంప్యూటర్ల గురించిన అనెక్స్ 11 చెబుతుంది. మేం దాన్ని ఎస్ఓపీలో రాసి ఊరుకున్నాం. రెండో ఏడాది ఒక కస్టమర్ తరఫున వచ్చిన ఆడిటర్ మా బదులు చూశారు. 34 పేజీల ఎస్ఓపీ. ఒక ఉద్యోగి దాన్ని తెరిచిన టైంకీ, ‘చదివి అర్థం చేసుకున్నాను’ అని సంతకం పెట్టిన టైంకీ మధ్య 52 సెకన్లు. ఆయన ఏమీ అనలేదు. ఇంకో ఇద్దరివి తెరిపించారు, అవీ అంతే. నాలుగోది నాది. రెండు నిమిషాలు. ఆ తర్వాత ప్రతి ఎస్ఓపీకి ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టాం, వారం తిరక్కుండానే జవాబులు వాట్సాప్‌లో తిరిగాయి. చివరికి ముఖ్యమైన పనులకు మాత్రం షాప్ ఫ్లోర్ మీద చేయించి చూసి, అప్పుడు సంతకం తీసుకుంటున్నాం. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

ఓఓఎస్ (పరిమితి దాటిన ల్యాబ్ ఫలితాల) మాడ్యూల్‌కి పూర్తి మార్కులు ఇస్తాను. ల్యాబ్ ఫలితం పరిమితులు దాటినప్పుడు కారణం వెతక్కుండా మళ్లీ టెస్ట్ చేసి, పాస్ వచ్చేదాకా చేస్తూ పోవడం పాత జబ్బు. 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసు తీర్పు దీనికి గట్టిగా అడ్డుకట్ట వేసింది, ఎఫ్‌డీఏ 2006లో దీనిపై ప్రత్యేకంగా గైడెన్స్ ఇచ్చింది. మా సిస్టమ్‌లో మొదటి దశ విచారణ ముగిసి క్వాలిటీ అస్యూరెన్స్ ఆమోదం పడేదాకా రీటెస్ట్ అనే బటనే కనబడదు. రాత్రి షిఫ్ట్‌లో ఎనలిస్ట్ మీద ఎవరు ఒత్తిడి తెచ్చినా, ‘సిస్టమ్ ఒప్పుకోవడం లేదు సార్’ అనే మాట అతని చేతిలో ఉంది. అది చిన్న రక్షణ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ముడిపదార్థాలు తూచే డిస్పెన్సింగ్ గదికీ కారిడార్‌కీ మధ్య గాలి ఒత్తిడిలో తేడా ఉండాలి. పొడి బయటికి పోకుండా, ఒక మందు ఇంకో మందులో కలవకుండా కాపాడేది అదే. తలుపు పక్కన ఆ తేడా చూపించే మాగ్నెహెలిక్ గేజ్ ఉంటుంది, ప్రతి షిఫ్ట్‌లో చూసి లాగ్‌బుక్‌లో రాస్తారు. పది నెలల్లో ఒకే గదిలో మూడుసార్లు రీడింగ్ పరిమితి కంటే పడిపోయింది. మొదటిసారి డీవియేషన్ తెరిచిన ఇంజినీరింగ్ అబ్బాయి కేటగిరీలో ‘యుటిలిటీ’ ఎంచుకున్నాడు. రెండోసారి ప్రొడక్షన్ వాళ్లు ‘ఎక్విప్‌మెంట్’ అన్నారు. మూడోసారి తలుపు తెరిచి ఉందని తేలింది కాబట్టి ‘హ్యూమన్ ఎర్రర్’. ట్రెండ్ రిపోర్టు కేటగిరీల వారీగా లెక్కపెడుతుంది. మూడు డీవియేషన్లూ మూడు డబ్బాల్లో ఒక్కొక్కటిగా కూర్చున్నాయి, అందుకే ఏ డబ్బాలోనూ ‘మళ్లీ జరిగింది’ అని రాలేదు. మూడూ గడువులోపే క్లోజ్ అయ్యాయి. మూడింటికీ పచ్చ గుర్తే.

మూడోదానికి కాపా ఏమిటంటే, ఆపరేటర్‌కి మళ్లీ ట్రైనింగ్. ఆయన ఆ గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ట్రైనింగ్ రికార్డు కోసం నేనే వెళ్లాను. ఎస్ఓపీ చదివారు, ట్యాబ్‌లో సంతకం పెట్టారు, పెట్టి నవ్వారు.

“మేడం, తలుపు మూయడం నాకొచ్చు. తలుపుకే రాదు.”

నాకు అర్థం కాలేదు. ఆయన తలుపు బార్లా తెరిచి వదిలేశారు. అది మెల్లగా వచ్చి, చౌకట్టుకి అంగుళం దూరంలో ఆగిపోయింది. పైన డోర్ క్లోజర్‌లో బలం పోయింది. చేతుల నిండా కంటైనర్లు ఉన్నప్పుడు మోచేత్తో నెట్టి వెళ్లిపోతారు. కొన్నిసార్లు పడుతుంది, కొన్నిసార్లు పడదు. ఈ మాట ఎవరికైనా చెప్పారా అని అడిగితే, “ఫారంలో ఆ గడి లేదు కదా” అన్నారు.

క్లోజర్ మార్చడానికి అరగంట పట్టింది. అక్కడిదాకా రావడానికి మాకు పది నెలలు, మూడు డీవియేషన్లు, పదిహేను సంతకాలు పట్టాయి. మూసేసిన రికార్డును మళ్లీ తెరవడం మా సిస్టమ్‌లో కుదరదు, కుదరకూడదు కూడా. కాబట్టి నాలుగో డీవియేషన్ తెరిచి, పాత మూడింటినీ దానికి లింక్ చేసి, ఆ సమయాల్లో ఆ గదిలో తూచిన ప్రతి బ్యాచ్‌నీ క్రాస్ కంటామినేషన్ కోణంలో మళ్లీ చూశాం. మందులకు ఏమీ కాలేదని తేలేదాకా ఆ రెండు వారాలు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఏడేళ్ల తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ గురించి నా అసలు ఫిర్యాదు ఇదే. ఆలస్యమైతే ఎర్రగా అరుస్తుంది. తప్పుగా మూస్తే ఏమీ అనదు. పైవాళ్లకు కనబడేది కూడా ఆలస్యమే. నెలాఖరు రివ్యూలో స్లైడ్ మీద ‘ఆన్ టైం క్లోజర్’ శాతం ఉంటుంది, కారణం సరిగ్గా దొరికిందా అనే శాతం ఉండదు. మా ఎస్ఓపీలో గడువు 30 రోజులు. ఇరవై ఎనిమిది రోజులు దొరకని రూట్ కాజ్ (అసలు కారణం) ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం తప్పకుండా దొరుకుతుంది.

అలా దొరికేది ఎప్పుడూ హ్యూమన్ ఎర్రరే ఎందుకవుతుందో తెలుసుకోవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. ‘ఎక్విప్‌మెంట్’ ఎంచుకుంటే ఫారంలో ఇంకో మూడు తప్పనిసరి గడులు తెరుచుకునేవి: ఎక్విప్‌మెంట్ నంబరు, చివరి మెయింటెనెన్స్ తేదీ, క్యాలిబ్రేషన్ వివరాలు. ‘హ్యూమన్ ఎర్రర్’ ఎంచుకుంటే ఏమీ తెరుచుకోదు, నేరుగా సబ్మిట్. సాయంత్రం ఆరింటికి బస్సు పట్టుకోవాల్సిన మనిషి ఏది ఎంచుకుంటాడు? మేం దాన్ని తిరగేశాం. ఇప్పుడు హ్యూమన్ ఎర్రర్ అంటే ఐదు ప్రశ్నలు వస్తాయి. సూచన స్పష్టంగా ఉందా, ఆ టైంలో ఎంతమంది ఉన్నారు, ఇదే పని ఇంకొకరు చేసినా ఈ తప్పు జరిగేదా, ఇలాంటివి. మూడు నెలల్లో మా దగ్గర హ్యూమన్ ఎర్రర్లు సగానికి పడిపోయాయి. మనుషులు మాత్రం వాళ్లే.

రిస్క్ స్కోరుదీ ఇలాంటి కథే. తీవ్రత, జరిగే అవకాశం, పట్టుబడకుండా పోయే అవకాశం, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తే సిస్టమ్ గుణించి చూపిస్తుంది. మా దగ్గర 45 దాటితే పెద్ద విచారణ. 4, 3, 4 వేస్తే 48. చివరి నాలుగుని మూడు చేస్తే 36, అందరూ ఇంటికెళ్లొచ్చు. ఆ అంకె మీద మేం చేసుకున్నంత బేరం ఏ సంతలోనూ జరగదు. 2023లో సవరించిన అంతర్జాతీయ రిస్క్ గైడ్‌లైన్ ఐసీహెచ్ క్యూ9 ఈ జబ్బు గురించే మాట్లాడుతుంది: రిస్క్ అంచనాలో మనిషి ఇష్టాయిష్టాలు దూరితే దాన్ని గుర్తించి తగ్గించాలంటుంది. ఇప్పుడు మేం అంకె పక్కన ‘ఏ డేటా చూసి ఇది వేశారు’ అనే గడి పెట్టాం. కొందరు అందులో ‘అనుభవం’ అని రాస్తున్నారు.

కంప్లయింట్ మాడ్యూల్ దగ్గర జరిగింది మాత్రం నవ్వుకునే విషయం కాదు. ఫిర్యాదు నమోదు చేసే తెర మీద ‘ప్రతికూల ప్రభావం ఉందా?’ అనే ప్రశ్న ఉంది. దానికి ముందుగానే ‘లేదు’ అని సెట్ చేసి ఉండేది. ఎవరు సెట్ చేశారో, ఎందుకో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి వచ్చిన ఫిర్యాదు: మాత్ర రంగు ఎప్పటిలా లేదు, వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. నమోదు చేసిన వ్యక్తి రంగు గురించి చక్కగా రాసి, కింద ‘లేదు’ని అలాగే వదిలేశారు. రంగు కోసం బ్యాచ్ రికార్డు తీశాం, దాచి ఉంచిన శాంపిల్ చూశాం. దద్దుర్ల మాట మందుల దుష్ప్రభావాలు చూసే ఫార్మకోవిజిలెన్స్ వాళ్లకు చేరేసరికి తొమ్మిది రోజులు. తీవ్రమైనది, లేబుల్‌లో లేనిది అయితే అమెరికా నిబంధనల ప్రకారం కంపెనీకి సమాచారం అందిన రోజు నుంచి 15 క్యాలెండర్ రోజుల్లో రిపోర్ట్ చేయాలి. గడియారం మొదలయ్యేది ఆ రోజే, సరైన డిపార్ట్‌మెంట్‌కి చేరిన రోజు కాదు. ఆ కేసు తీవ్రమైనది కాదని తేలింది, బతికిపోయాం. మర్నాడే ఆ ‘లేదు’ని తీసేసి ఖాళీ పెట్టించాం, నింపకుండా ముందుకు వెళ్లనివ్వదు. ఇలాంటి సిస్టమ్ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇవాళే వెళ్లి మీ తెర మీద ముందే ఏమేం నింపి ఉన్నాయో చూసుకోండి.

మిగతావి చిన్న చికాకులు. పదిహేను నిమిషాలు మౌస్ కదపకపోతే లాగౌట్ అయిపోతుంది, రాసిందంతా పోతుంది. అందుకే అందరం వర్డ్‌లో రాసి ఇక్కడ అతికిస్తాం. సెర్చ్‌లో స్పెల్లింగ్ అక్షరం తేడా వస్తే ఏమీ దొరకదు. అప్‌గ్రేడ్ అంటే వ్యాలిడేషన్ (అనుకున్నట్టే పనిచేస్తుందని పరీక్షించి రాతపూర్వకంగా నిరూపించడం), అంటే స్క్రీన్‌షాట్ల గుట్టలు. ఇది చాలావరకు స్వయంకృతం. మొదట్లో మేం ‘మా పాత కాగితం ఫారంలాగే కనబడాలి’ అని పట్టుబట్టి ప్రత్యేకంగా కోడ్ రాయించుకున్నాం. ఈ వ్యాలిడేషన్‌కి మా రంగంలో వాడే గైడ్ గ్యాంప్ 5 లెక్కలో అది ఐదో కేటగిరీ, అన్నిటికంటే ఎక్కువ టెస్టింగ్ అడిగేది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ మోజుకి వడ్డీ కడుతున్నాం. ఉన్నది ఉన్నట్టు తీసుకుని ఉంటే సగం పని తగ్గేది.

కొనబోయేవాళ్లు డెమోలో డ్యాష్‌బోర్డు చూసి మురిసిపోకండి. ఒక పాత రికార్డు తెరిపించి దాని ఆడిట్ ట్రైల్ మొత్తం మనిషి చదవగలిగేలా ప్రింట్ తీయమనండి. గది నంబరుతో వెతికి చూపించమనండి. ఒప్పందం ముగిసిన రోజున మన డేటా ఏ రూపంలో తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

నేనైతే పదికి ఏడు ఇస్తాను. ఒప్పందం పొడిగించాలా అని అడిగితే పొడిగించమనే చెప్పాను. తలుపు సంగతి తర్వాత నాకొక అలవాటు పట్టుకుంది: నెలకోసారి అన్ని డీవియేషన్ల వివరణలూ ఎక్సెల్‌లోకి దింపి, కేటగిరీ వదిలేసి గది నంబరు ప్రకారం సర్దుకుని, కూర్చుని చదువుతాను. అలా ఇంకో రెండు ‘తలుపులు’ దొరికాయి. కిందటి ఆడిట్‌లో ఆ ఎక్సెల్ బయటపడింది. వ్యాలిడేట్ చేయని స్ప్రెడ్‌షీట్ మీద ఆధారపడి క్వాలిటీ నిర్ణయాలు తీసుకుంటున్నారని అబ్జర్వేషన్ రాశారు. రాసినదాంట్లో తప్పేం లేదు. దానికి డీవియేషన్ నేనే తెరిచాను. అన్నీ నింపి కేటగిరీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కాసేపు ఆగింది.